గీతకు ఇవతల

పాత పదో తరగతి గణితం మొదటి పేపరు రాసినవాళ్లకు చివర్లో వచ్చే గ్రాఫు ప్రశ్న గుర్తుండే ఉంటుంది. ఐదు మార్కులు. జవాబు పత్రానికి దారంతో కట్టే గళ్ల కాగితం, కుడి పై మూలన ‘1 సెం.మీ. = 1 యూనిట్’ అని రాయాల్సిన స్కేలు, బాగా చెక్కిన పెన్సిలు. ఇచ్చిన రెండింటిలో ఒకటి గీస్తే చాలు. ఒకటి వర్గ సమీకరణానికి పరావలయం, రెండోది అసమీకరణాలతో నడిచే ఏకఘాత ప్రణాళిక. పరావలయానికి వంపు ఉంది, చూపు దాని మీదికి ఇట్టే పోతుంది. రెండోదాంట్లో ఉన్నవన్నీ తిన్నని గీతలు, కొంత షేడింగు. అయినా బడి లెక్కల మొత్తంలో ఆ రెండోదాని కన్నా అందమైన బొమ్మ లేదని నా నమ్మకం. 2014లో వచ్చిన కొత్త పుస్తకంలో ఆ పాఠం లేదు. దాన్ని చదవకుండా బడి దాటిపోతున్న పిల్లల్ని తలుచుకుంటే నాకు దిగులుగా ఉంటుంది.

సమీకరణం అడిగేది ‘ఎంత?’ అని. రెండు గీతలు గీస్తాం, అవి ఒకచోట ఖండించుకుంటాయి, ఆ బిందువే జవాబు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పటి నుంచీ మన లెక్కల్లో చాలా మట్టుకు ఈ ప్రశ్నే నడుస్తోంది. అసమీకరణం అడిగేది వేరు: ‘ఎంతదాకా పోవచ్చు?’ దానికి జవాబుగా ఒక చోటు వస్తుంది. విస్తీర్ణం ఉన్న, అంచులున్న, మూలలున్న చోటు. మనిషి బతుకులో లెక్కలు ఎక్కువగా ఇలాంటివే. ఉన్న డబ్బు ఇంత దాటదు, ఉన్న పొద్దు ఇంత దాటదు, ఇంటికి ఇంతకన్నా తగ్గితే కుదరదు. ఆ హద్దులన్నీ ఒకేసారి ఒక కాగితం మీదికి వచ్చి, అన్నీ ఒప్పుకునే జాగాను మన కళ్లకు చూపించడమే ఈ బొమ్మ చేసే పని.

దీన్ని పాలకొల్లులో గీద్దాం. ఎందుకంటే అక్కడ దాళ్వా అనే మాటలోనే ఒక అసమీకరణం దాగి ఉంది. వానాకాలం పంట సార్వాకు వాన తోడుంటుంది, గోదావరి నిండుగా పారుతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సాగే రెండో పంట దాళ్వాకు ఆ ధీమా లేదు. నదిలో సహజంగా వచ్చే నీరు తగ్గిపోతుంది, పైన సీలేరు నుంచి వదిలేదాని కోసం చూడాలి. 1847లో మొదలుపెట్టి 1852లో ఇంజనీరు కాటన్ పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీరు పశ్చిమ డెల్టా కాలువల వెంట ఎన్నో ఊళ్లు తడుపుకుంటూ కిందికి దిగాలి. పాలకొల్లు, నరసాపురం, మొగల్తూరు వైపు పొలాలు శివారు భూములు. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలిందే వాటికి. నీరు చాలని ఏడాది వంతులవారీగా వదులుతారు. వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసుకోమని అధికారులు చెబుతారు. అదే మాటను గళ్ల కాగితం మీద రాస్తే ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

ఒక రైతుకు శివారులో 10 ఎకరాలు ఉన్నాయనుకుందాం. దాళ్వాలో కొంత వరి, కొంత మినుము. వరి వేసే ఎకరాలు ‘వ’, మినుము వేసే ఎకరాలు ‘మ’. ఇలా రాయడం మనకు కొత్త కాదు. మన పాత బీజగణితకారులు తెలియని రాశులకు కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టి, వాటి మొదటి అక్షరాలతోనే సమీకరణాలు నడిపారు. ఎకరం వరికి 3 తడుల నీరు, ఎకరం మినుముకు 1 తడి, రైతు వాటాకు మొత్తం 18 తడులు. వరి ఎకరానికి 20 వేలు, మినుము ఎకరానికి 12 వేలు మిగులుతుంది. నిజం మడిలో వరికి నీళ్లు నిలవగట్టాలి, లెక్క ఇంత తేలిగ్గా తేలదు. గీతలు గళ్ల మీద శుభ్రంగా పడేందుకు ఎంచుకున్న అంకెలివి.

అడ్డంగా వరి, నిలువుగా మినుము. రెండూ సున్నాకు తగ్గవు కనుక నాలుగు పాదాల కాగితంలో మూడు పాదాలు మొదటే రాలిపోతాయి. ఇక్కడి నుంచి జరిగేదంతా తీసివేతే. ఏ షరతూ ఈ బొమ్మకు ఏమీ కలపదు. ప్రతి షరతూ వచ్చి కొంత కోసుకుపోతుంది.

మొదటిది భూమి: వ + మ ≤ 10. ముందు దాన్ని సమీకరణంగానే గీస్తాం. అంతా వరి వేస్తే (10, 0), అంతా మినుము వేస్తే (0, 10). రెండింటినీ కలిపితే కాగితానికి అడ్డంగా ఏటవాలు గీత. ఇప్పుడు దీనికి ఏ పక్క మనది? ఈ పాఠంలో నాకు ఒళ్లు పులకరించే చోటు ఇదే. ఒక పక్కన లెక్కలేనన్ని బిందువులు, ఇంకో పక్కన లెక్కలేనన్ని బిందువులు. తేల్చడానికి ఒక్క బిందువును అడిగితే చాలు. మూలబిందువును అడుగుతాం: 0 + 0, 10 కన్నా తక్కువేనా? అవును. అంతే, ఆ పక్క ఉన్నవన్నీ మనవి. ఒక్క సాక్షి మాటతో అర్ధతలం మొత్తం తేలిపోవడానికి కారణం ఉంది. వ + మ విలువ కాగితం మీద ఎక్కడా ఎగిరి దూకదు, నెమ్మదిగా మారుతుంది. 10 కన్నా తక్కువలో ఉన్నది ఎక్కువలోకి పోవాలంటే మధ్యలో సరిగ్గా 10 కావాలి, అంటే గీత మీద కాలు పెట్టాలి. గీత తాకకుండా పక్క మారడం అసాధ్యం. మూలబిందువును ఎంచుకోవడంలోనూ ఒక చక్కదనం ఉంది. అక్కడ గుణకాలన్నీ సున్నాతో కలిసి మాయమై ఒక అంకె మాత్రం నిలుస్తుంది. గీత మూలబిందువు గుండానే పోతే మాత్రం ఆ సాక్ష్యం చెల్లదు, పక్కనున్న మరో బిందువును పిలవాలి.

గీత కూడా మనదేనా అన్నది తర్వాతి సంగతి. డెల్టాలో రెండు మళ్ల మధ్య గట్టు ఎవరిదన్న మాట మీద ఎన్ని తగువులో! కాగితం మీద ఆ తగువు లేదు. ‘10కి మించకూడదు’ అంటే గట్టు మనదే, నిండు గీత. ‘10 కన్నా తక్కువే ఉండాలి’ అంటే గట్టు మనది కాదు, చుక్కల గీత. తెంపులు తెంపులుగా గీసిన ఆ చుక్కల గీత చెప్పే సంగతి నిజానికి చాలా లోతైనది. దానికి ఎంత దగ్గరికైనా పోవచ్చు, ఎప్పటికీ చేరలేం, చేరలేనంత మాత్రాన చిట్టచివరి బిందువంటూ ఒకటి దొరకదు. అవధి అనే భావం చదవడానికి ఇంకా ఏళ్లున్న పిల్లవాడు పెన్సిలు ఎత్తుతూ దించుతూ దాన్ని గీసేస్తున్నాడు.

రెండోది నీరు: 3వ + మ ≤ 18. అంతా వరైతే 6 ఎకరాలకే నీరు సరిపోతుంది, (6, 0). అంతా మినుమైతే (0, 18), మన కాగితం అంచు దాటి పైకి. భూమి గీత కన్నా నిటారుగా నిలబడే గీత ఇది. ఆ వాలులోనే వరి దాహం కనబడుతోంది. ఒక ఎకరం వరి మానుకుంటే మూడెకరాల మినుముకు నీరు దొరుకుతుంది, కాబట్టి గీత ఒక అడుగు ఎడమకు జరిగితే మూడు అడుగులు పైకెక్కుతుంది. సంఖ్యగా చదివినప్పుడు ఎవరూ పట్టించుకోని ‘3’ గీతగా మారగానే కంటికి ఆనుతుంది.

ఇక షేడింగు. బళ్లలో కావలసిన పక్కకే గీతలు కొట్టించేవారు. ఒక షరతుకు ఇటు వాలిన గీతలు, ఇంకోదానికి అటు వాలినవి, రెండూ కలిసి చిక్కగా అల్లుకున్న చోటే జవాబు. అది చూడముచ్చటగానే ఉంటుంది. కానీ షరతులు నాలుగు, అయిదు అయితే జవాబు ఉన్నచోటే అన్నిటికన్నా ఎక్కువ మసి. నాకు రెండో పద్ధతి నచ్చుతుంది: అక్కర్లేని పక్కను షేడ్ చేయాలి. ప్రతి షరతూ తనకు ఒప్పుకోని భాగాన్ని నల్లబరుస్తూ పోతుంది. చివరికి ఎవరూ అభ్యంతరం చెప్పని చోటు తెల్లగా మిగులుతుంది. దాన్ని మనం గీయలేదు, మన పెన్సిలు దాన్ని ముట్టుకోనే లేదు. చుట్టూ ఉన్నవి చెరిగిపోతే అదే బయటపడింది. పాఠ్యపుస్తకం దాన్ని అనుకూల ప్రాంతం అంది. ఎంత మర్యాదైన పేరు!

మూడోది ఇంటి గింజలు. తిండికైనా ఒక ఎకరం వరి తప్పదు: వ ≥ 1. నిలువుగా ఒక గీత. మూలబిందువును అడిగితే ‘0, 1 కన్నా ఎక్కువా? కాదు’ అంటుంది. ఇంతసేపూ సాక్ష్యం చెప్పిన మూలబిందువు తానే బయటికి పోయింది. చివరికి నాలుగు మూలల ముక్క ఒకటి మిగిలింది: (1, 0), (6, 0), (4, 6), (1, 9). కింది అంచు అడ్డం, ఎడమ అంచు నిలువు, పై అంచు భూమి గీత, కుడి అంచు నీటి గీత. ఏ అంచును చూసినా అది ఏ షరతు వల్ల వచ్చిందో చెప్పవచ్చు. (4, 6) దగ్గర భూమీ నీరూ ఒకేసారి అయిపోతాయి.

ఈ ముక్క ఆకారంలో ఒక సుగుణం ఉంది. ఎన్ని ఏకఘాత షరతులు పెట్టినా అది పోదు. లోపల ఎక్కడైనా రెండు బిందువులు పెట్టి కలపండి, ఆ రేఖాఖండం పూర్తిగా లోపలే ఉంటుంది. కుంభాకార సమితి అంటారు. దీనికి లోనికి పోయిన మూల ఉండదు, మధ్యలో బొక్క ఉండదు, రెండు ముక్కలుగా విడిపోదు. రుజువు రెండు వాక్యాలే. రెండు సాగు పథకాలు విడివిడిగా నీటి షరతు దాటకపోతే, దీంట్లో సగం దాంట్లో సగం తీసుకున్న పథకానికి పట్టే నీరు కూడా ఆ రెండింటి సగటే కనుక షరతు దాటదు. సగమే కాదు, మూడో వంతైనా పదో వంతైనా అంతే. అందుకే చేయదగ్గవి రెండు ఉంటే వాటి మధ్య దారంతా చేయదగ్గదే. ఇద్దరి మాటకూ మధ్యన ఎప్పుడూ చోటుంటుందని హామీ ఇచ్చే లోకం ఇది. ‘ఇదో అదో’ అనే షరతు ఒక్కటి దూరితే ఆ హామీ పోతుంది. ఆకారం విరుగుతుంది, నడుమ ఖాళీలు వస్తాయి. ‘ఇదీ అదీ కూడా’ అన్నంతసేపే ఈ నిండుదనం.

ఇంత సహజమైన బొమ్మకు చరిత్ర మాత్రం ఆలస్యంగా వచ్చింది. తక్కువ, ఎక్కువ గుర్తులు అచ్చులో కనబడింది 1631లో, థామస్ హారియట్ పోయిన పదేళ్లకు వెలువడిన ఆయన పుస్తకంలో. ఫూరియే 1820లలో అసమీకరణాల వ్యవస్థల గురించి రాశాడు. 1939లో సోవియట్ దేశంలో కాంటరోవిచ్ ప్లైవుడ్ కర్మాగారం సమస్యతో మొదలుపెట్టి ఇదే దారికి వచ్చాడు. 1947లో అమెరికాలో డాంట్జిగ్ ఇలాంటి సమస్యలను సాధించే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. ఈ వరసలో నాకు ప్రియమైన పేరు ఇంకొకటి ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కట్టా గోపాలకృష్ణ మూర్తి. ఆయన ‘లీనియర్ ప్రోగ్రామింగ్’ 1983లో వచ్చింది. అంతకు ముందే, 1968లో, పనులను మనుషులకు పంచే సమస్యలో అన్నిటికన్నా మేలైన పంపకం దొరికాక అక్కడితో ఆగకుండా రెండో మేలైనది, మూడో మేలైనది వరసగా తీసే పద్ధతి ఇచ్చారు. అత్యుత్తమం కుదరని రోజున దాని తర్వాతిది ఏదని అడగడం ఎంత మానవీయమైన ప్రశ్న.

మళ్లీ మన కాగితానికి వద్దాం. ఇందాకటి దాకా చోటు మాత్రమే గీశాం, అందులో ఏది మేలో చూడలేదు. లాభం 20వ + 12మ, వేలల్లో. దీన్ని ఒక అంకెకు సమానం చేస్తే అదీ ఒక గీతే, సమలాభ రేఖ. 60 వేలకు ఒకటి, 120కి ఒకటి, అన్నీ సమాంతరాలు. లాభం పెంచుకుంటూ పోతే ఆ గీత మీద పెట్టిన స్కేలు కోణం మారకుండా కుడి పై మూలకు జరుగుతుంది. తెల్లటి ముక్క మీదుగా అలా జరిపి చూడండి. 120 దగ్గర (6, 0) మూలను ఒరుసుకుంటుంది. నీటిని నమ్ముకుని వరే వేసినవాడికి దక్కేది అంతే. ఇంకా జరిపితే 128 దగ్గర (1, 9) వదిలిపోతుంది. చిట్టచివర ముక్కను ఒకే ఒక్క చోట తాకి విడిచిపెడుతుంది: (4, 6), 152 వేలు. నాలుగు ఎకరాలు వరి, ఆరు ఎకరాలు మినుము. స్కేలు ఆ మూలను వదిలే క్షణం చేతికి తెలుస్తుంది.

ధర మారితే స్కేలు కోణం మారుతుంది. కానీ మూల అంత తొందరగా మారదు. మినుము 12 దగ్గరే ఉండి వరి లాభం 12కీ 36కీ మధ్య ఎక్కడ ఊగినా జవాబు (4, 6)నే పట్టుకుని ఉంటుంది. ఎందుకంటే సమలాభ రేఖ వాలు భూమి గీత వాలుకీ నీటి గీత వాలుకీ నడుమ ఉన్నంతసేపు మూల కదలదు. వరి సరిగ్గా 36 అయిన రోజున రేఖ నీటి గీతకు సమాంతరమవుతుంది. అప్పుడు (4, 6) నుంచి (6, 0) దాకా ఉన్న అంచు మొత్తం సమానంగా ఉత్తమం. ఒక జవాబు కాస్తా లెక్కలేనన్ని జవాబులవుతుంది. 36 దాటీ దాటగానే ఒక్క గెంతులో మూల మారిపోతుంది. అంత నిలకడా అంత హఠాత్తు మార్పూ ఒకే బొమ్మలో ఉండటం నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ధర కన్నా డెల్టాలో మనసును పట్టి ఉంచేది నీరు. 18 తడులు 16 అయితే నీటి గీత తనకు తాను సమాంతరంగా మూలబిందువు వైపు జరుగుతుంది. భూమి గీత మీది మూల (4, 6) నుంచి (3, 7)కు జారుతుంది. 14 అయితే (2, 8). 12 అయితే (1, 9). మూల జారుతున్నంతసేపూ లాభం తడికి 4 వేల చొప్పున తగ్గుతుంది: 152, 144, 136, 128. 12 దగ్గర ముక్క ఆకారమే మారుతుంది. చతుర్భుజం త్రిభుజమైపోతుంది, 12 కన్నా తగ్గితే భూమి గీత ఇక ముక్కను అంటుకోదు. పదెకరాలున్నాయన్న షరతుకు అర్థమే పోయింది, ఎందుకంటే అంత భూమిని తడిపే నీరు లేదు. పొలం కొంత బీడు. 18 తడులు ఉన్నప్పుడు అదనంగా ఒక ఎకరం దొరికితే 8 వేలు విలువ చేసేది. ఇప్పుడు సున్నా. తడి విలువ మాత్రం 4 వేల నుంచి 12 వేలకు ఎగబాకింది. ఈ విలువలు ఏ బజారులోనూ రాసి ఉండవు. వీటిని నీడ ధరలు అనవచ్చు, గీతల వాలుల్లోంచే పుడతాయి. శివారు రైతు కాలువ చివర లాకు వైపు చూసే చూపులో ఉన్న ఆరాటం ఎంతో ఈ మూడు గీతలు లెక్కగట్టి చెబుతున్నాయి.

ఇంకా తగ్గిస్తూ పోతే త్రిభుజం ఆకారం చెడకుండా చిన్నదవుతూ వస్తుంది. 3 తడుల దగ్గర ఒక్క బిందువు మిగులుతుంది: (1, 0). ఇంటి గింజల ఎకరం, అంతే. ఎంపిక అన్నది ఇక లేదు. అసమీకరణాలన్నీ కలిసి సమీకరణంలా మాట్లాడే ఒకే ఒక్క స్థితి ఇది. 3 కన్నా కొంచెం తగ్గినా కాగితం మీద తెల్లచోటు ఉండదు, జవాబు శూన్య సమితి. ఇదేదో లెక్క తప్పడం అనుకోకూడదు. ఏ పథకమూ అన్ని షరతులనూ తీర్చలేదన్న సంగతిని రుజువుతో సహా చెప్పగలగడం ఈ విద్య గొప్పతనాల్లో ఒకటి.

పంటలు రెండే అయితే కాగితం చాలు. కొబ్బరితోటనూ చేపల చెరువునూ కూడా లెక్కలోకి తెస్తే ముక్క కాస్తా ఘనమై, ఆపైన చేతికి అందని కొలతల్లోకి పోతుంది, పంటలూ షరతులూ ఇంకా పెరిగితే మూలలు వేలూ లక్షలూ అవుతాయి. డాంట్జిగ్ పద్ధతి అప్పుడు చేసేది కూడా మన పెన్సిలు ఇక్కడ చేయగలిగిందే. ఒక మూలలో నిలబడి, అంచుల వెంట పక్క మూలలను చూసి, లాభం పెరిగే వైపు నడవడం. మన ముక్క మీద (1, 0) దగ్గర మొదలుపెట్టి కింది అంచు పట్టుకుంటే 20 వేల నుంచి (6, 0) దగ్గర 120కి చేరుతుంది. నీటి గీత ఎక్కి (4, 6) దగ్గర 152 అందుకుంటుంది. తర్వాతి మూల (1, 9) వైపు చూస్తే 128, తగ్గుదల. వెనక్కి చూస్తే 120, అదీ తగ్గుదలే. అక్కడే ఆగుతుంది. మూలలు వేలల్లో ఉన్నా మిగతావాటిని, లోపలున్న అసంఖ్యాక బిందువులను ఒక్కటీ తడిమి చూడదు. చూడనవసరం లేదు. ముక్క కుంభాకారం కాబట్టి ఇరుగుపొరుగు కన్నా మేలైన మూల అన్నిటికన్నా మేలైనదే.